లోపలికి జరగండి

మస్తానమ్మ పొద్దున తొమ్మిదింటికి మార్కాపురం బస్టాండుకు వచ్చింది. పది కాకముందే ముగ్గురి చేత కాదనిపించుకుంది. మొదటి ఆటో అతను కుక్కను చూసి దూరం నుంచే చెయ్యి ఊపాడు. రెండో ఆటో అతను సీటు కవర్లు కొత్తవన్నాడు. తొమ్మిదీ నలభై బస్సు కండక్టరు ఆ మాత్రం మాట కూడా ఖర్చు పెట్టకుండా తలుపు వేసేశాడు. బస్టాండు నీడలో పడుకున్న ఊరకుక్కలు నాలుగు తల ఎత్తి ఈ తమాషా చూసి, మనకు ఏ ఊరూ పోయే పని లేదు కదా అన్నట్టు మళ్లీ పడుకున్నాయి.

"కంగారు పడబాకవే" అని ఆమె తన కుక్కకు ధైర్యం చెప్పింది. కంగారంతా ఆమెదే. కుక్క నింపాదిగానే ఉంది.

కుక్క పేరు కర్రి. ఒళ్లంతా నలుపు. ఎడమ చెవి చివర కొంచెం లేదు. అది తోడేలు దగ్గర ఉండిపోయింది. ఆ తోడేలు ఒంటి మీద ఉండాల్సినవి అంతకన్నా ఎక్కువే లేకుండా పోయాయని మస్తానమ్మ అందరికీ చెబుతుంది.

తెల్లవారుతూనే కొడుకు నాగేంద్ర ఫోను చేశాడు. వాడు కురిచేడుకు మూడు మైళ్ల ఇవతల, రోడ్డు పక్కనే కంది కోసిన చేలల్లో గొర్రెల మందను మేపుతున్నాడు.

"అమ్మా, రాత్రి మళ్లా వచ్చినాయే తోడేళ్లు. మూడు పిల్లల్ని ఎత్తకపోయినాయి. నా వల్ల కాదింక. బేరగాడితో మాట్లాడినా. పన్నెండున్నరకు లారీ తెస్తానన్నాడు. మందంతా ఎక్కించేస్తా."

"మీ నాయన మందరా అది!"

"నాయన ఉన్నాడా కాయడానికి? కర్రి అన్నా ఉందా? అదుంటే తోడేలు ఈ దిక్కు చూసేదా?"

"కర్రిని తెస్తే అమ్మవా?"

"పన్నెండున్నర లోపల కర్రి నా కండ్ల ముందుంటే అమ్మను. ఒక్క నిమిషం దాటినా నన్ను అడగొద్దు."

కర్రి ఈనింది కాబట్టే మంద వెంట పోలేదు. ఇప్పుడు పిల్లలకు నెలన్నర దాటింది, గంజి నాకుతున్నాయి. వాటిని పక్కింటి రాధికకు అప్పజెప్పి మస్తానమ్మ అప్పటికప్పుడు బయలుదేరింది. ఆమె భర్త ఓబులయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆయన బతుకంతా పెంచింది ఆ మందనే. అది లారీ ఎక్కితే ఆయన రెండోసారి పోయినట్టే అని ఆమెకు అనిపిస్తోంది. ఆ మాట కొడుకుతో అనలేదు. అంటే వాడు ఏడుస్తాడు, ఏడ్చి మరీ అమ్మేస్తాడు.

పదింటికి కురిచేడు బస్సు వచ్చి ఆగింది. అందులో కండక్టరు నాగవేణి. ముప్పై దాటని మనిషి. పొద్దుటి ట్రిప్పులోనే గొంతు సగం పోయింది. ఆ బస్సులో గంట మోగక చాలా రోజులైంది. డ్రైవరుకు ఏం చెప్పాలన్నా ఆమె గొంతే గంట.

"కుక్కలెక్కగూడదు పెద్దమ్మా" అంది నాగవేణి.

"ఎందుకెక్కగూడదు తల్లీ? నిన్న ఇదే బస్సులో మేకపిల్ల పోయింది. అడుగో, ఆ పెద్దాయన వొళ్లో కోడిపుంజు కూచోనుంది."

"కోడి కరవదు."

"నువ్వు కోడిపుంజును ఎప్పుడూ పెంచలేదా ఏంది?"

కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వారు. బస్సు కదలడానికి ఇంకా ఐదు నిమిషాలుంది, అందరికీ తీరికే. ఎక్కించమని కొందరు, వద్దని కొందరు, రెండు పార్టీలైపోయారు. పెళ్లికి పోతున్న ఒకామె పట్టుచీర సంచిని ఒళ్లోకి లాక్కుని, బొచ్చు అంటుకుంటే ఎవరు జవాబుదారీ అంది. వెనక సీటులో ఒకతను, పెద్దోళ్ల కుక్కలు ఏసీ కార్లలో పోతుంటే లేని తప్పు గొర్రెలోళ్ల కుక్క బస్సెక్కితే వచ్చిందా అన్నాడు. ఇంకొకతను అసలైన పాయింటు పట్టాడు.

"అక్కా, అది ఆడకుక్కా మగకుక్కా?"

"ఆడదే నాయనా."

"ఇంకేంది కండక్టరమ్మా! ఆడోళ్లకు ఫ్రీ గదా. దానికీ జీరో టికెట్టు కొట్టు."

"ఆధార్ కార్డు చూపిస్తే కొడతా" అంది నాగవేణి. బస్సంతా గొల్లుమంది. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వొచ్చిందంటే సగం మెత్తబడినట్టే అని మస్తానమ్మ కనిపెట్టింది.

మెత్తబడని మనిషి ఒకరే. ముందు సీటులో ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్న వెంకటేశ్వర్లు సారు. ముప్పై ఐదేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు వయసు వచ్చింది గానీ వంపు రాలేదు.

"రూలంటే రూలే. పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. భయపడేవాళ్ల సంగతేంది? అది మంచి కుక్కే కావొచ్చు. ఆ సంగతి నీకు తెలుసు, నాకెట్ల తెలుస్తుంది?" అన్నారాయన.

ఆ మాటలో న్యాయం ఉంది. మస్తానమ్మ కాదనలేకపోయింది. భుజం మీదున్న ఓబులయ్య ఎర్ర తువ్వాలు తీసి కర్రి మూతికి రెండు చుట్లు చుట్టి, మెడ వెనక ముడి వేసింది. కర్రి ఒకసారి తల విదిలించి ఊరుకుంది. అప్పుడామె ఆయనకూ నాగవేణికీ కలిపి, గొంతులో ఏడుపు దాచుకోకుండానే, పన్నెండున్నర లారీ సంగతి చెప్పింది.

నాగవేణి వాచీ చూసుకుంది. సారు వైపు చూసింది. "వెనక మూలకు పో పెద్దమ్మా. ఒక్కసారి మొరిగినా, ఎవరన్నా ఒక్క మాటన్నా, అక్కడికక్కడే దించేస్తా. సరేనా?"

"మాటంటే మాటే తల్లీ. ఇది మొరిగే కుక్క కాదు."

అది నిజమే. మందను కాసే కుక్క ఊరికే మొరిగితే జీవాలు బెదురుతాయి. కర్రి పనంతా మౌనంగానే చేస్తుంది. మస్తానమ్మ అన్నీ ఆలోచించుకునే వచ్చింది. దాహానికి సీసాలో నీళ్లు, ఆకలికి గుడ్డలో సంగటి ముద్ద, మేకవెంట్రుకలతో పేనిన గట్టి తాడు. ఆలోచించనిది ఒక్కటే.

దొనకొండ దాకా బస్సు హాయిగా పోయింది. కర్రి వెనక సీటు కింద చుట్టచుట్టుకుని పడుకుంది. మస్తానమ్మ మాత్రం ప్రతి స్టాపులో, దిగేవాళ్లు బద్ధకంగా దిగుతుంటే, వాళ్లను వెనక నుంచి తోసేద్దామా అన్నంత ఆత్రంగా కూర్చుంది. ఫోనులో టైము చూసుకోవడం, కర్రి తల నిమరడం, మళ్లీ టైము చూసుకోవడం.

దొనకొండలో ఒక్కసారిగా ముప్పై మంది ఎక్కారు. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే తలుపు దగ్గర, డ్రైవరు వెనక, గడ్డకట్టినట్టు నిలబడిపోయారు. వెనక సగం బస్సు ఖాళీ. సీట్లు కూడా ఖాళీ. అయినా కదలరు. కండక్టర్లు పుట్టిన రోజు నుంచీ ఇది ఇట్లాగే ఉంది.

"లోపలికి జరగండి! వెనకంతా ఖాళీ! లోపలికి జరగండన్నా! అక్కా, జరుగు!"

ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. పెళ్లిపట్టుచీర ఆమె పాదం మీద ఎవరో కాలు వేశారు. ఫుట్‌బోర్డు మీద ఇద్దరు వేలాడుతున్నారు. నాగవేణి "రైట్" అని అరిచింది. గొంతు లేవలేదు. డ్రైవరు సురేష్‌కు వినపడలేదు. మళ్లీ అరిచింది. ఈసారి గాలే వచ్చింది. విసుగొచ్చి సంచిలో చెయ్యి పెట్టి, ఒక విజిల్ తీసి నోట్లో పెట్టుకుంది. ఆగమనడానికి ఒకటి, పొమ్మనడానికి రెండు.

పొమ్మని రెండు ఊదింది.

సీటు కింద కర్రి లేచింది.

మస్తానమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఓబులయ్య విజిల్! ఏడాదిగా ఎవరూ ఊదక ఆమే మరిచిపోయింది. ఆయన రోడ్ల వెంట మందను తోలుతూ తోలుతూ, బస్సు కండక్టర్లను చూసి ముచ్చటపడి, తిరునాళ్లలో ఒక విజిల్ కొనుక్కొచ్చి కర్రికి నేర్పాడు. ఒకటి ఊదితే ఆగాలి. రెండు ఊదితే మందను లోపలికి కూడదీయాలి.

తాడు చేతిలోంచి జారిపోయింది. కర్రి జనం కాళ్ల మధ్య నుంచి నేలబారుగా ముందుకు పోయి, డ్రైవరు దగ్గర చటుక్కున వెనక్కి తిరిగింది. తిరిగి తన పని మొదలుపెట్టింది. తువ్వాలు కట్టిన మూతితో ఒకరి పిక్క మీద పొడిచింది. అతను ఎగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. పక్కామె మోకాలి వెనక పొడిచింది. ఆమె "అమ్మో" అంటూ నాలుగడుగులు వేసింది. ఎడమకు పారిపోబోయిన వాడిని ఎడమ నుంచి, కుడికి ఒరిగిన వాడిని కుడి నుంచి తరిమింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ల పంట్లాము పట్టి లాగలేదు గానీ, లాగుతుందేమోనని వాళ్లే లోపలికి దూకారు. అర నిమిషం పట్టలేదు. ముందు భాగమంతా ఖాళీ అయింది. ఖాళీ సీట్లన్నీ నిండాయి. నిలబడ్డవాళ్లు వరుసగా, ఒద్దికగా, వెనక అద్దం దాకా సర్దుకున్నారు.

ఒక్కరు మిగిలారు. ఏం జరుగుతోందో చూద్దామని సీట్లోంచి లేచిన వెంకటేశ్వర్లు సారు. కర్రి ఆయన చుట్టూ ఒక చుట్టు తిరిగి మోకాలి వెనక మెత్తగా ఒక్కటి పొడిచింది. ఆయన కూలబడినట్టు కూర్చున్నారు. పని పూర్తయిందని కర్రి దారి మధ్యలో కూర్చుని నాగవేణి ముఖంలోకి చూసింది. ఒక్కసారి కూడా మొరగలేదు.

బస్సులో లేచిన నవ్వుకు కోడిపుంజు కూడా బెదిరింది. నాగవేణి నోటి నుంచి విజిల్ జారింది. "తొమ్మిదేండ్ల సర్వీసులో నా మాట ఒక్కరు వినలేదే!" అంది.

సారు నవ్వలేదు. చొక్కా సర్దుకుని, "అమ్మా, నువ్వొక మాట చెప్పినావు. ఎవరన్నా ఒక్క మాటంటే దించేస్తానని. నేను అంటున్నా. నన్ను తాకింది. ఇంకొకరైతే పడేవాళ్లు" అన్నారు.

వద్దు సారూ అని చాలామంది బతిమాలారు. ఆయన కదల్లేదు. నాగవేణి మస్తానమ్మ వైపు చూడలేక చూసింది. టైము పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. చేను ఇంకా ఐదు మైళ్లుంది. నడిస్తే గంటన్నర.

"మాటంటే మాటే" అంది మస్తానమ్మ. బస్సు ఆగింది. కర్రితో కలిసి దిగింది. ఐదు మైళ్లు పరుగెత్తగలనా అని లెక్క వేసుకుంది. యాభై ఐదేళ్ల ఒంటికి ఆ లెక్క తేలలేదు.

పైన నాగవేణి కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ విజిల్ రెండు ఊదింది.

ఊదకుండా ఉండాల్సింది. తాడు ఈసారి మస్తానమ్మ అరచెయ్యి తోలు లేపుకుని మరీ పోయింది. కర్రి కదిలిన బస్సు పక్కన పరుగెత్తి, ముందుకు దాటి, ముందు టైరుకు అడ్డంగా దూసుకుపోయి, అటు వైపు నుంచి మళ్లీ వెనక్కి వచ్చింది. బస్సును కూడదీస్తోంది! మంద నుంచి విడిపోయి పోతున్న ఎర్ర రంగు పొట్టేలు అనుకుందో ఏమో, దాన్ని మస్తానమ్మ దగ్గరికి తోలుకు రావాలని దాని పంతం. సురేష్ ప్రాణాలు అరచేతిలో పట్టుకుని బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. కర్రి దాని ముందు పడుకుంది, ఇక కదిలితే ఊరుకోనని.

జనమంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. మస్తానమ్మ రొప్పుతూ వచ్చి పడింది. "దాని తప్పు కాదు తల్లీ! మా ఆయన విజిల్ అది! ఒకటి ఊదితే ఆగాల, రెండు ఊదితే కూడదీయాల. ఏడాదైంది అది విని. ఆయనే పిలుస్తున్నాడనుకునింది" అని, ఇక ఆపుకోలేక రోడ్డు మీదే ఏడ్చేసింది.

వెంకటేశ్వర్లు సారు బస్సు దిగారు. కర్రి ముందు నిలబడి దాన్నే చూశారు. అంత ఇస్త్రీ మనిషి వంగి దాని తల మీద చెయ్యి వేశారు.

"ముప్పై ఐదేండ్లు విజిల్ ఊదినానమ్మా. ఒక్క క్లాసు, ఒక్కరోజు, ఇంత చక్కగా లైన్లో నిలబడలేదు" అన్నారు. తర్వాత నాగవేణి వైపు తిరిగి, "కంప్లైంటు నాది. నేనే వెనక్కి తీసుకుంటున్నా. ఎక్కించు. ఏమయ్యా డ్రైవరూ, పన్నెండున్నర లోపల పోగలవా?" అని గద్దించారు.

సురేష్ పోనిచ్చాడు. ఆ బస్సుకు అంత వేగం ఉందని బస్సుకే తెలియదు. మధ్యలో దిగాల్సిన నలుగురు దిగలేదు, చూడకుండా దిగితే రాత్రికి నిద్ర పట్టదన్నారు. పట్టుచీర ఆమె సంచి కింద పెట్టేసి, చీరను మరిచి, ముందు అద్దంలోంచి తొంగిచూస్తూ "ఇంకెంత దూరం? ఇంకెంత దూరం?" అంటోంది. సారు వాచీ చూస్తూ నిమిషాలు చదువుతున్నారు. మస్తానమ్మ కర్రి మూతికున్న తువ్వాలు విప్పింది. ఎవరూ ఒక్క మాట అనలేదు.

మలుపు తిరగ్గానే చేను కనిపించింది. లారీ కూడా కనిపించింది. ముందే వచ్చేసింది.

వెనక తలుపు దించి, పలక వాల్చి, ఇద్దరు మనుషులు గొర్రెలను ఒక్కొక్కటే ఎక్కిస్తున్నారు. పదో పన్నెండో అప్పటికే పైన ఉన్నాయి. మిగతావి బెదిరి చేనంతా చెల్లాచెదురైపోయాయి. నాగేంద్ర పెద్ద పొట్టేలు మెడ పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కించలేడు, వదల్లేడు.

"పన్నెండున్నర కాలేదురా! ఆపరా!" అని మస్తానమ్మ బస్సులోంచే కేక పెట్టింది. లారీ ఇంజను మోతలో ఆ కేక ఎవరి చెవినా పడలేదు. బస్సు ఆగీ ఆగకముందే కర్రి దూకింది. దూకి, ఎటు పోవాలో తెలియక చేని గట్టు మీద నిలబడి వెనక్కి చూసింది. అది మాట కోసం చూస్తోంది.

"ఊదు తల్లీ!" అంది మస్తానమ్మ.

నాగవేణి ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి, రెండు ఊదింది.

కర్రి చేని అంచు వెంబడి నల్లటి గీతలా పోయింది. ఎడమ కొసన ఉన్నవి ముద్దయ్యాయి. కుడి కొసన ఉన్నవి వాటిని కలిశాయి. మంద కదిలితే ఏ గొర్రె ఒంటరిగా నిలబడదు. లారీ మీదున్నవన్నీ తలలు తిప్పి చూసి, పలక మీది మనుషుల్ని నెట్టుకుంటూ, దబదబా కిందికి దూకేశాయి. పెద్ద పొట్టేలు నాగేంద్ర చేతులు విదిలించుకుపోయింది. రెండు నిమిషాల్లో మందంతా రోడ్డు పక్కన, బస్సు దగ్గర, ఒక్కచోట. బస్సులో జనం ఈలలు, చప్పట్లు.

నాగేంద్ర కదల్లేదు. వాడి ముఖం తెల్లబోయింది. మెల్లగా వచ్చి, "ఎవరమ్మా విజిల్ ఊదింది? నాయన... నాయన అనుకున్నా" అన్నాడు.

మస్తానమ్మ బస్సు దిగి వాడిని దగ్గరికి తీసుకుంది. మీసాలొచ్చిన కొడుకు అంతమంది ముందు తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. బేరగాడు వచ్చి ఏందయ్యా ఈ ఆట అని గొడవకు దిగబోతే, సారు కిటికీలోంచి వాచీ చూపించారు.

"పన్నెండు ఇరవై రెండు. నా వాచీ తప్పు చెప్పదు. గడువు దాటలేదు."

"అమ్మనులే అన్నా. నువ్వు పో" అన్నాడు నాగేంద్ర ముక్కు తుడుచుకుంటూ. బేరగాడు మందనూ, కుక్కనూ, బస్సులోని యాభై మందినీ ఒకసారి చూసి, లారీ తలుపు ఎత్తి వేసుకున్నాడు.

బస్సు కదలబోతుండగా సారు చొక్కా జేబులోంచి ఒకటి తీసి కిటికీ బయటికి చాపారు. తాడు నలిగిన, రంగు పోయిన ఇత్తడి విజిల్. "రిటైరైనా వదలబుద్ధి కాలేదు. ఇంట్లో ఎవరి మీద ఊదేది? తీసుకోమ్మా" అన్నారు. మస్తానమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

నాగవేణి చెయ్యి ఊపి, రెండు ఊదింది. బస్సు కదిలింది. కర్రి చెవులు నిక్కాయి. మళ్లీ బస్సు మీదికి పోబోతోంది. మస్తానమ్మ ఉలిక్కిపడి, చేతిలోని విజిల్ నోట్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి, ఒక్కటి గట్టిగా ఊదింది.

కర్రి ఆగింది. దాన్ని చూసి మంద ఆగింది. రోడ్డు మీద బస్సు కూడా ఆగింది.

"ఎవరు దిగాలి?" అని లోపలి నుంచి సురేష్ గొంతు వినిపించింది. మస్తానమ్మకు నవ్వాగలేదు. ఓబులయ్య పోయినాక ఆమె అట్లా నవ్వింది అప్పుడే. నవ్వి నవ్వి, ఊపిరి తీసుకుని, రెండుసార్లు ఊదింది. బస్సు కురిచేడు వైపు పోయింది. కర్రి మందను చేని లోపలికి తోలింది.